బల్మూర్ బండి తాళం

బల్మూర్,
జూలై మొదటి వారం.

మద్దిలేటి అన్నకు,

శైలజ రాస్తున్నాను. ఉత్తరం చూసి పరేషాన్ కాకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం.

ఫోన్ చేస్తే ప్రతిసారీ సుభద్ర వదినే ఎత్తుతుంది. నువ్వు పక్కనే ఉంటావని తెలుసు. నేను అడిగింది వదిన నీకు చెప్పి, నువ్వు చేత్తో చూపించింది వదిన నాకు చెప్పేసరికి సగం మాటలు మధ్యలోనే రాలిపోతున్నాయి. సెల్‌ఫోన్‌లో తెలుగు కొట్టడం నీకు రాదు, నాకూ అంతంతే. అందుకే కాగితాలు కొనుక్కొచ్చాను.

ఎండాకాలంలో నీ గొంతు ఆపరేషన్ అయ్యాక చూడడానికి వచ్చినప్పుడు నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. గొంతులో మాట పుట్టే పెట్టెనే తీసేశారని, ఇక మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచే ఊపిరి అని డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజు నీతో ఏం మాట్లాడాలో నాకూ తోచలేదు. ఇప్పుడు మాట్లాడడానికి ఒక పని దొరికింది.

నా కారు సతాయిస్తోంది అన్నా. స్కూలు వ్యాను నడపడం మానేశాక కొన్న తెల్ల కారు, నువ్వు చూశావుగా. దానిలో సోమవారం, గురువారం ఇద్దరిని నాగర్‌కర్నూల్ దవాఖానకు డయాలసిస్‌కు తీసుకుపోతాను. ఒకరు మా వాడకట్టులోని ఎంకమ్మ, పత్తి చేనులో బతుకంతా గడిపిన మనిషి. ఇంకొకరు మైసయ్య, అడవి అంచున పెంటలో, అంటే చెంచుల గూడెంలో, ఉండే పెద్దాయన. ఎండాకాలం అడవిలో మంటలు లేవకుండా కాపలా కాసే పని చేసేవాడు. ఇద్దరికీ కిడ్నీలు పోయాయి. వాళ్ళను టైముకు చేర్చడం నా పని.

కొన్నిరోజులుగా తాళంచెవి తిప్పితే ఒక్కోసారి ఏమీ కాదు. చప్పుడు ఉండదు, దగ్గు ఉండదు. రెండోసారో మూడోసారో తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. నాగర్‌కర్నూల్‌లో ఒక మెకానిక్ బ్యాటరీ పాతదైందని మార్చాడు. ఆ తర్వాత సెల్ఫ్ మోటారు విప్పి బాగు చేశాడు. అయినా జబ్బు పోలేదు.

నాకు బండి నేర్పింది నువ్వు. గద్వాల కోట పక్క మైదానంలో, "క్లచ్చు మీద కాలు ఉయ్యాలూపకు చెల్లే" అని నువ్వు అరిచిన అరుపు ఇప్పటికీ గేరు మార్చినప్పుడల్లా వినిపిస్తుంది. ఏం చేయమంటావో రాయి.

నీ చెల్లె
శైలజ


గద్వాల,
జూలై.

శైలజకు,

నేను బండ్ల కరెంటు పని మానేశాను. షాపు షట్టరు దించి చాలా రోజులైంది. దగ్గర్లో మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌ను చూసి చూపించుకో.

అయినా అడిగావు కాబట్టి. బండి మొండికేసినప్పుడు మీటరు లైట్లు, అంటే స్పీడు ముల్లు దగ్గర వెలిగే ఎర్ర లైట్లు, వెలుగుతాయా, మసకబారుతాయా, పూర్తిగా ఆరిపోతాయా? ఆ సమయంలో హెడ్‌లైటు, హారను పనిచేస్తాయా? నీ తాళంచెవికి ఏమేం తగిలించావు?

ఇవి చూడకుండా ఎవరినీ ఏమీ మార్చనివ్వకు.

మద్దిలేటి


బల్మూర్,
జూలై.

అన్నకు,

నీ ఉత్తరం పోస్ట్‌మ్యాన్ ఇవ్వగానే గడపలోనే నిలబడి చదివాను. నాలుగు ముక్కలే రాశావు, కానీ ఆ చివరి వాక్యం అచ్చం నువ్వే.

చూశాను. మొండికేసినప్పుడు ఎర్ర లైట్లు మసకబారడం కాదు, మొత్తానికే ఆరిపోతున్నాయి. హెడ్‌లైటు మాత్రం ఎప్పటిలా తెల్లగా వెలుగుతోంది. హారను కూడా గట్టిగానే మోగుతోంది. తాళంచెవిని కొంచెం అటూ ఇటూ కదిపితే ఎర్ర లైట్లు వస్తాయి, పోతాయి.

తాళంచెవికి ఏమున్నాయని అడిగావు. నవ్వకు. ఇంటి తాళం, బీరువా తాళం, మా ఆయన గోపి బోరు స్టార్టర్ డబ్బా తాళం, గేటు తాళం, శ్రీశైలంలో కొన్న ఇత్తడి నంది. ఇంట్లో ఏది కావాలన్నా నా గుత్తిలోనే వెతుకుతారు. చేతిలో పట్టుకుంటే తూకంరాయిలా ఉంటుంది.

ఇంకో సంగతి. మొన్న గురువారం తెలకపల్లి దాటాక మైసయ్య వెనక సీటులోంచి ముందుకు వంగాడు.

"శైలజమ్మా, ఏందో కాలుతుంది."

"పొలాలల్ల ఎవరన్న చెత్త కాలవెడుతుండ్రేమో తాతా" అన్నాను.

"గాదు. ఆకు కాలితె నాకు ఎరుకనే. గిది ఆకు గాదు, కట్టె గాదు. ప్లాస్టికు. నీ స్టీరింగు కాడికెల్లే వస్తుంది."

నాకు ఏ వాసనా తగల్లేదు. బండి ఆపి, స్టీరింగు కింద ముక్కు పెట్టి పీల్చితే అప్పుడు తెలిసింది. ఎండలో వదిలేసిన వైరు వాసన. ఇది నీకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

వదిన ఒంట్లో బాగుందా? నువ్వు అన్నం సరిగ్గా తింటున్నావా?

శైలజ


గద్వాల,
జూలై చివర.

చెల్లె శైలజకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, షాపు తాళం తీసి, లోపల పాత సామాను డబ్బాలో వెతికాను. అటువంటి స్విచ్ ఒకటి విప్పదీసి పెట్టుకున్నది ఉండాలి. దొరికింది. దాన్ని బల్ల మీద పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ బండికి పోయింది బ్యాటరీ కాదు, సెల్ఫ్ కాదు. ఇగ్నిషన్ స్విచ్ అరిగిపోయింది.

తాళం వేరు, స్విచ్ వేరు. నువ్వు తాళంచెవి పెట్టేది తాళంలో. దాని వెనక అగ్గిపెట్టెకు కొంచెం పెద్దగా ఒక నల్ల డబ్బా ఉంటుంది. అది స్విచ్. నువ్వు తిప్పినప్పుడు లోపల రాగి రేకులు ఒకదాన్ని ఒకటి తాకి కరెంటు దాటిస్తాయి. బ్యాటరీ నుంచి వచ్చిన కరెంటు మొదటి మెట్టులో మీటరు లైట్లకు, ఇంజనుకు పోతుంది. ఇంకా తిప్పితే సెల్ఫ్‌కు పోతుంది. నీ బండిలో హెడ్‌లైటు, హారను ఈ స్విచ్ దాటకుండానే కరెంటు తీసుకుంటాయి. అవి బాగుండి ఎర్ర లైట్లు చచ్చిపోతున్నాయంటే బ్యాటరీ మంచిదే, దారిలో వంతెన విరిగింది. కదిపితే వస్తున్నాయంటే రేకులు అరిగి, తాకీ తాకకుండా ఉన్నాయి. తాకీ తాకని చోట నిప్పు రవ్వ లేస్తుంది, వేడి పుడుతుంది. మైసయ్యకు తగిలిన వాసన అదే. ఆయనకు నా దండం చెప్పు. ఊపిరి మెడలోంచి అయ్యాక నా ముక్కుకు ఏ వాసనా తెలియడం లేదు. సగం రోగాలు నేను ముక్కుతోనే పట్టేవాడిని. ఈసారి ఆయన ముక్కు నాకు సాయం వచ్చింది.

బ్యాటరీ మార్చిన మెకానిక్‌ను ఏమీ అనకు. అతని ముందు బండి మంచిగానే స్టార్ట్ అయి ఉంటుంది. ఉండి ఉండి వచ్చే జబ్బును పట్టుకోవడం ఎవరికైనా కష్టం.

నమ్మకం కోసం ఒక పరీక్ష చెయ్యి. టెస్ట్ ల్యాంపు కొను, బల్బుకు ఒక వైపు సూది, ఒక వైపు క్లిప్పు ఉంటుంది. క్లిప్పును బండి ఇనుముకు తగిలించు. స్టీరింగు కింది కవరు విప్పితే స్విచ్‌కు వైర్లు చేరే కప్లర్ కనిపిస్తుంది. లోపలికి వచ్చే లావు వైరుకు సూది తాకిస్తే బల్బు ఎప్పుడూ వెలగాలి. బయటికి పోయే వైరుకు తాకించి తాళం తిప్పు, వెలగాలి. వెలుగుతుండగా తాళంచెవిని కదుపు. బల్బు కొట్టుకుంటే దొంగ దొరికినట్టే.

గుత్తి తీసెయ్యి. బండి తాళంచెవి ఒక్కటే ఉండాలి. అంత బరువు గుంతల్లో ఊగితే అరిగిన స్విచ్ ఇంకా అరుగుతుంది.

ఒక మాట అడుగుతాను, నిజం రాయి. బండి నడుస్తూ ఉండగా ఎప్పుడైనా ఇంజను ఆగిపోయిందా?

మద్దిలేటి అన్న


బల్మూర్,
ఆగస్టు మొదట్లో.

అన్నకు,

ఆగింది.

ముందే ఒకసారి ఊళ్ళో ఆగింది, అది మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. రాస్తే బండి తీయవద్దంటావని రాయలేదు. మళ్ళీ పోయిన వారం, సోమవారం తిరుగు ప్రయాణంలో, కల్వర్టు ముందు రోడ్డు చెడిపోయిన చోట బండి ఒక్క కుదుపు కుదిపింది. ఇంజను చప్పుడు లేదు. స్టీరింగు బండరాయి అయింది, బ్రేకు తొక్కితే కాలికి గోడ తగిలినట్టుంది. వెనక నుంచి లారీ హారను. స్టీరింగు మీద పడి రెండు చేతులా తిప్పి పక్కకు దింపాను. లారీ పోయిన గాలికి కారు ఊగింది. డయాలసిస్ చేసుకుని వచ్చిన మనుషులు, ఒంట్లో సత్తువ లేనివాళ్ళు. ఎంకమ్మ నా భుజం పట్టుకుని, "ఏం గాలె బిడ్డా, ఏం గాలె" అంది. భయపడాల్సింది ఆమె, ధైర్యం చెప్పింది కూడా ఆమే.

ఇంటికి వచ్చాక గోపి అన్నాడు: "బండి బాగైందాంక వాళ్ళను ఎక్కియ్యకు. నువ్వు గాకుంటె ఎవరు తీస్కపోతరు అనుకుంటున్నవ్, నేను అడిగొస్త ఆగు." అడిగాడు కూడా. ఇప్పుడు అచ్చంపేట నుంచి ఒక ఆటో వస్తోంది. కానీ ఆటోలో అంత దూరం కూర్చోవడం ఎంకమ్మ వల్ల కావడం లేదు. గురువారం ఇంటికి తిరిగి వచ్చేసరికి పాదాలు వాచి, ఆటోలోనే పక్కకు ఒరిగి పడుకునే ఉంది. ఒకసారి వర్షాలకు దారి ఆగి డయాలసిస్ తప్పినప్పుడు ఆమె ఊపిరికి ఎంత కొట్టుకుందో నేను చూశాను. ఆమె ఎక్కనంటుందేమోనని నాకు భయం.

నువ్వు చెప్పిన పరీక్ష చేశాను. లావు వైరుకు బల్బు వెలిగింది. బయటికి పోయే వైరుకు కూడా వెలిగింది, తాళంచెవి కదిపితే ఆరింది, వెలిగింది, ఆరింది. దొంగ దొరికాడు అన్నా! కప్లర్ ఒక మూల గోధుమరంగుకు తిరిగి కరిగింది. ఆ మూలలోంచే ఇంకో రెండు వైర్లు బయటికి వచ్చాయి. వెనక సీటులో వాళ్ళకు గాలి ఆడాలని నేను పెట్టించిన ఫ్యాను, లైట్ల వైర్లు అవి.

నువ్వు వచ్చి చేయవా? వదినను కూడా తీసుకురా. నాగర్‌కర్నూల్ బస్టాండుకు గోపి వస్తాడు.

శైలజ


గద్వాల,
ఆగస్టు.

చెల్లెకు,

ఆగిందని రాసినందుకు మంచిది. బండిని పక్కకు దింపిన తీరు చదివి, నీకు నేర్పిన రోజులు దండగ కాలేదనుకున్నాను. ఆటోనే నడవనివ్వు, స్విచ్ మారేదాకా ఎవరినీ ఎక్కించకు.

ఫ్యాను వైర్లు అసలు కారణం. అరుగుతున్న స్విచ్ మీద అదనపు భారం పడింది. దానికి రిలే అని ఒక చిన్న డబ్బా పెట్టి, ఫ్యానుకు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి ఇవ్వాలి. స్విచ్ రిలేకు సైగ మాత్రం చేస్తుంది. ఫ్యాను తీసెయ్యకు. వాళ్ళకు గాలి కావాలి.

రమ్మన్నావు. రాలేను. ఎందుకో రాస్తాను, మళ్ళీ అడగకు.

మెడ మీద గుడ్డ కట్టుకుంటే మనుషులు గుడ్డనే చూస్తారు. నాకు చెవులు బాగానే ఉన్నా, మాట రాదు కదా అని చెవిటివాడితో మాట్లాడినట్టు అరుస్తారు. హైదరాబాదులో ఒక మేడమ్ కొత్త రకంగా మాట్లాడడం నేర్పింది. గాలిని గొంతులోకి మింగి, తేన్పు వచ్చినట్టు బయటికి తెచ్చి, దాన్నే మాట చేయాలి. చేతులు అక్కర్లేదు, మిషన్ అక్కర్లేదు. అక్కడ చాలామంది అలా మాట్లాడుతున్నారు. నేను ఒక్కసారి ప్రయత్నించాను. వచ్చిన చప్పుడు విని సిగ్గేసింది. మళ్ళీ చేయలేదు. బజారంతా వినేలా నవ్విన మనిషిని నేను. ఆ చప్పుడుతో మల్దకల్ నుంచి ట్రాక్టర్లు తెచ్చే రైతుల ముందు నిలబడలేక షట్టరు దించాను.

కానీ నీ స్విచ్ గద్వాలలో దొరకలేదు. వనపర్తిలో బండి సామాన్లు అమ్మే పాత దోస్తు జంగయ్య దగ్గర ఉంటుందని తెలుసు. నువ్వు ఎంకమ్మ కాళ్ళ వాపు గురించి రాశాక ఇంట్లో కూర్చోలేకపోయాను. కాగితం మీద "వనపర్తి ఒకటి" అని రాసుకుని బస్సెక్కాను. కండక్టర్ అమ్మాయి కాగితం చూసి, టికెట్టు కొట్టి, "కిటికీ కాడ కూసో పెద్దాయినా, గాలి మంచిగ ఆడుతది" అంది. అంతే. ఇంకేమీ అడగలేదు. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

జంగయ్య నన్ను చూసి కౌంటరు మీదినుంచి వంగాడు. "ఓరి మద్దిలేటీ! యాడికి వోయినవ్‌ర ఇన్ని దినాలు? ఫోను చేస్తె ఎత్తవ్..." అంటూ గుడ్డ చూసి ఆగాడు. ఇక అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు. మెల్లగా, "చాయ్ తాగొచ్చునా నువ్వు?" అని అడిగాడు. తల ఊపాను. నేను పాత స్విచ్ బల్ల మీద పెట్టగానే చూసి, లోపలికి పోయి అచ్చం అటువంటిదే తెచ్చాడు. చాయ్ చల్లారేదాకా ఇద్దరం ఊరికే కూర్చున్నాం.

స్విచ్, కొత్త కప్లర్, రిలే బస్సు పార్శిల్‌లో పంపుతున్నాను. వైర్ల బొమ్మ గీసి పెట్టాను. నువ్వే చేయగలవు. మొట్టమొదట బ్యాటరీ ఎర్త్ తీగ విప్పు. కవరు విప్పాక స్విచ్ వెనక రెండు చిన్న స్క్రూలు ఉంటాయి, స్విచ్ ఒక్కటే బయటికి వస్తుంది. తాళం విప్పే పని లేదు, నీ తాళంచెవి అదే ఉంటుంది. కప్లర్ కాలింది కాబట్టి వైర్లు ఒకటి తర్వాత ఒకటి కత్తిరించి కలుపు. అన్నీ ఒకేసారి కత్తిరించకు. ఏ వైరు గురించైనా అనుమానం వస్తే ఆపెయ్యి. అందాజుగా కలపకు.

మద్దిలేటి అన్న


బల్మూర్,
ఆగస్టు.

అన్నకు,

అనుమానం వచ్చింది. ఆపేశాను.

ఎర్త్ తీశాను. కవరు విప్పాను. స్క్రూల్లో ఒకటి రానని మొరాయిస్తే కొబ్బరినూనె చుక్క వేసి కాసేపు ఆగాను, వచ్చింది. పాత స్విచ్ చేతిలోకి రాగానే విప్పి చూశాను. నువ్వు రాసిన రాగి రేకులు ఒకవైపు కాటుక పూసినట్టు నల్లగా, మధ్యలో గుంత పడి ఉన్నాయి. ఇంత చిన్న గుంత ఇద్దరు మనుషులను లారీ ముందు నిలబెట్టిందా అనుకున్నాను.

నీ బొమ్మ చూసుకుంటూ వైర్లు కలుపుతూ వచ్చాను. లావు వైరు అయింది. ఫ్యాను వైర్లు పక్కకు తీశాను. చివర్లో రెండు వైర్లు మిగిలాయి. నీ బొమ్మలో ఒకటి నలుపు-పసుపు, ఇంకొకటి నలుపు-ఎరుపు. ఇక్కడ వేడికి చారలు మాడిపోయి రెండూ ఒకేలా నల్లగా ఉన్నాయి. తొందరలో రెండూ కత్తిరించేశాను. ఏది ఇంజనుది, ఏది సెల్ఫ్‌ది తెలియడం లేదు.

"ఏదో ఒకటి కలిపి చూస్తె అయిపాయె గద" అన్నాడు గోపి.

"మా అన్న అందాజుగ కలపకు అన్నడు. నేనైతె కలపను" అన్నాను.

రేపు గురువారం ఎంకమ్మ ఆటో ఎక్కనంటోంది. "నీ బండి బాగైనంకనే వస్త బిడ్డా, గా ఆటోల నా పానం వోతుంది" అంటోంది. బతిమాలి ఎక్కిస్తాను. కానీ ఆ తర్వాతి సోమవారానికి ఏం చేయాలో తెలియదు.

రమ్మని అడగవద్దన్నావు, అడగడం లేదు. వైరు గుర్తుపట్టే ఉపాయం రాయి చాలు. ఈ ఉత్తరం పోస్టులో కాకుండా గద్వాల వైపు పోయే మనిషి చేతికి ఇచ్చి పంపుతున్నాను. వనపర్తి దాకా పోయి నా కోసం స్విచ్ తెచ్చావు. అది నీకు ఎంత దూరమో నాకు తెలుసు అన్నా.

శైలజ


బల్మూర్,
ఆగస్టు చివర.

అన్నకు,

నువ్వు నిన్ననే పోయావు. బస్సు కదలగానే నీకు చెప్పాల్సినవన్నీ గుర్తుకొచ్చాయి. అందుకే రాస్తున్నాను.

శనివారం పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే భుజాన సంచితో నువ్వు నడిచి వస్తున్నావు. వదిన నీ వెనక. ఉత్తరం రాలేదు, ఫోను రాలేదు. చీపురు అక్కడే పడేసి నేను ఏడ్చాను. నువ్వు మాత్రం నన్ను దాటి నేరుగా కారు దగ్గరికి పోయి తలుపు తీశావు. వదిన నవ్వుతూ అంది: "నీ ఉత్తరం సదివి సంచిల సామాను వెట్టుకున్నడు. నన్ను అడగనన్న అడగలె. నేనే ఎంటబడొచ్చిన."

నువ్వు డ్రైవర్ వైపు నుంచి వెల్లకిలా దూరి, తల డ్యాష్‌బోర్డు కింద పెట్టి, కాళ్ళు బయట మట్టిలో పెట్టి పడుకున్నావు. దుమ్ము నీ మెడ రంధ్రంలో పడుతుందేమోనని వదిన తడిగుడ్డ పట్టుకుని నిలబడింది. నేను పక్క సీటులో కూర్చుని తాళంచెవి మీద చెయ్యి పెట్టాను. నువ్వు కాలితో నేలను తడితే నేను తిప్పాలని సైగ చేసి చెప్పావు. మట్టి నేల కదా, నువ్వు తట్టినా చప్పుడు ఎలా వినిపిస్తుంది? అది నీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. నేను తాళంచెవినే చూస్తూ కూర్చున్నాను. కాసేపయ్యాక "తిప్పనా అన్నా?" అని అడిగాను. నీ రెండు చేతులూ వైర్ల మధ్యే ఉన్నాయి.

అప్పుడు కింద నుంచి ఒక మాట వచ్చింది.

"తిప్పు."

బొంగురుగా, పొట్టిగా, నేల లోపలినుంచి వచ్చినట్టు వచ్చింది. ఎవరైనా వచ్చారేమోనని నేను కిటికీలోంచి చూశాను. ఎవరూ లేరు. వదిన చేతిలో గుడ్డ కింద పడింది. నేను తిప్పాను. ఎర్ర లైట్లు వెలిగాయి. ఇంకా తిప్పాను. సెల్ఫ్ తిరిగింది, ఇంజను అందుకుంది. గోపి గొడ్లకొట్టం నుంచి పరుగెత్తుకొచ్చాడు. నువ్వు బయటికి వచ్చి ఎవరి ముఖమూ చూడకుండా రిలే ఎక్కడ బిగించాలో వెతకడం మొదలుపెట్టావు. నువ్వు అలా ఉంటే మేము కూడా నీకు పనిముట్లు అందిస్తూ ఉండిపోయాం. కానీ నీ చెల్లె ఆ పూట వంటింట్లో ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకుందో నీకు తెలియదు.

సోమవారం నువ్వు మాతో నాగర్‌కర్నూల్ వచ్చినందుకు ఎంకమ్మ ఇప్పటికీ చెప్పుకుంటోంది. నీ పక్కన కూర్చుని ఆమె అన్న మాట గోపికి చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు: "నీకు గొంతు వాయె, నాకు కిడ్నీలు వాయె, గీ మైసయ్యకు పండ్లు గూడ వాయె. మంచిగున్నది ఈ బండొక్కటే. దీనిమీదనే వోదాం పా." నువ్వు భుజాలు ఊగేలా నవ్వావు. చప్పుడు లేకపోయినా అది నీ నవ్వే అన్నా, నాకు తెలిసిపోయింది. మైసయ్య దిగేటప్పుడు స్టీరింగు దగ్గర ముక్కు పెట్టి పీల్చి, "ఇగ లేదు" అన్నాడు. అది ఆయన సర్టిఫికెట్.

కల్వర్టు దగ్గర అదే గుంతలో బండి అదే కుదుపు కుదిపింది. నేను స్టీరింగును గట్టిగా పట్టుకున్నాను. ఇంజను తన పాటికి తాను నడిచింది. నువ్వు నా వైపు చూసి చెయ్యి ఎత్తావు, ముందుకు పో అన్నట్టు.

నీకు థాంక్స్ అని రాస్తే చిన్నగా ఉంటుంది. ఎంకమ్మ రెండు కాళ్ళూ చాపుకుని, ఫ్యాను గాలికి నిద్రపోతూ ఇంటికి వచ్చింది. ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు తెల్వదు.

నీ చెల్లె
శైలజ


గద్వాల,
సెప్టెంబరు.

చెల్లె శైలజకు,

నీ ఉత్తరం అందింది. ఆ రోజు నాకేమైందో నువ్వు రాశావు గానీ, డ్యాష్‌బోర్డు కింద ఏమైందో నువ్వు చూడలేదు. అది రాస్తాను.

ఒక చేతిలో టెస్ట్ ల్యాంపు సూది, ఒక చేతిలో మెలిపెట్టిన వైరు. వదిలితే మళ్ళీ మొదటినుంచి చేయాలి. కాలితో తట్టాను, తట్టాను, నువ్వు తిప్పలేదు. కోపం వచ్చింది. షాపులో పనివాళ్ళ మీద వచ్చేటటువంటి కోపం. ఆ కోపంలో గాలి మింగాను. మేడమ్ నేర్పినట్టు మింగుదామని మింగలేదు, దానంతటదే పోయింది. దానంతటదే మాటై వచ్చింది. వచ్చాక ఆ చప్పుడు బాగుందా లేదా అని ఆలోచించే తీరికే లేదు. నా నెత్తి మీద ఎర్ర లైట్లు వెలిగాయి. మాట వల్ల ఒక పని అయింది. మాట ఉన్నది అందుకే కదా అనుకున్నాను.

నాగర్‌కర్నూల్‌లో నువ్వు మందుల చీటీకి పోయినప్పుడు మైసయ్య మంచం పక్కన కూర్చున్నాను. చేతికి గొట్టాలు పెట్టి ఉన్నాయి. ఆయన నన్ను అరిచి పలకరించలేదు, జాలిగా చూడలేదు. "నెమిలి గూడ ఒక్కొక్క కాలంల అరవది. గట్లని అది నెమిలి గాకుంట వోతదా" అని అటు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. ఆ మాట బస్సులో వనపర్తి దాకా నా వెంట వచ్చింది.

షట్టరు ఎత్తాను. మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజు మల్దకల్ నుంచి ఒక రైతు ట్రాక్టర్ తెచ్చాడు. ఏమైందని కాగితం మీద రాసి చూపించాను. "నాకు సదువు రాదు పటేలా" అన్నాడు. చేసేదేమీ లేక గాలి మింగి, "ఏమైంది" అన్నాను. రెండోసారికి అర్థమైంది అతనికి. నవ్వలేదు. ఎత్తుకున్నాడు ఇక, వాన పడ్డ రోజు నుంచి మొదలుపెట్టి ట్రాక్టర్ కథంతా చెప్పాడు. మధ్యలో ఆపడానికి నాకు మాట చాలక మొత్తం విన్నాను. ఫ్యూజు ఒక్కటే పోయింది.

హైదరాబాదు మేడమ్ దగ్గరికి మళ్ళీ పోతున్నాను. రెండు అక్షరాల మాటలు వస్తున్నాయి. ఇంకా పెద్ద మాటలకు గాలి చాలదు, సగంలో తెగుతాయి. వాటితో రోజూ కుస్తీ.

నువ్వు నన్ను పనికి పిలిచావు. అందరూ ఎట్లున్నవ్ అని అడిగి పోయారు, నువ్వు బండి సతాయిస్తోంది ఏం చేయాలి అని అడిగావు. నీ బండి బాగైందని నువ్వు నాకు దండం పెడుతున్నావు. నేను పెట్టాల్సిన దండం దానికంటే పెద్దది. అది ఇక్కడ రాస్తున్నాను, దాచుకో.

ఇంకొకటి, ఇది నీకు తప్ప ఎవరికీ రాయలేను. పెళ్ళైన నాటి నుంచి నీ వదినను నేను "ఏమే" అనే పిలిచాను. పేరు పెట్టి పిలవడం మన ఇళ్ళలో లేదు. ఆపరేషన్ అయ్యాక పిలవాలంటే గిన్నె మీద చెంచాతో కొట్టేవాడిని. ఆమె పరుగెత్తుకొచ్చేది. ఆ పరుగు నాకు నచ్చేది కాదు. ఈ వారమంతా షాపులో ఎవరూ లేనప్పుడు ఆమె పేరు పట్టుకున్నాను. "సు" దగ్గరే గాలి అయిపోయేది. తర్వాత "సుభ" దాకా వచ్చింది.

ఇవాళ పొద్దున ఆమె వంటింట్లో జొన్నరొట్టెలు కొడుతోంది. నేను గడపలో నిలబడి గాలి మింగి, "సుభద్రా" అన్నాను. మొత్తం వచ్చింది.

రొట్టె కొట్టే చప్పుడు ఆగింది. ఆ బొంగురు చప్పుడు విని భయపడిందేమో అనుకున్నాను. అప్పుడు లోపలినుంచి, రోజూ పిలిస్తే రోజూ పలికినట్టు, పలికింది:

"ఆఁ, వస్తున్న."

మద్దిలేటి